వంటామెకు ఒక పీరియడ్

మదనపల్లె చుట్టుపక్కల ఊళ్లలో టమోటా కోత రోజున చేనుగట్టు మీద కూర్చోబెడితే పదేళ్ల పిల్లాడు కూడా పెద్దవాళ్ల పని చేసిపెడతాడు. కుప్పలోంచి కాయ తీస్తాడు, బొటనవేలితో మెల్లగా నొక్కుతాడు, తొడిమ దగ్గర రంగు చూస్తాడు. దోరగా ఉన్నది ఒక బాక్సులోకి, బాగా పండింది ఇంకో బాక్సులోకి, మచ్చ పడింది పక్కకి. దోరకాయ లారీ ఎక్కి ఉత్తరాదికి పోవాలి, పండుకాయ రేపటికల్లా దగ్గరి సంతలో అమ్ముడుపోవాలి. ఈ సంగతి వాడికి ఎవరూ బోర్డు మీద రాసి చెప్పలేదు. నాయన సర్దుతుంటే చూశాడు, తప్పు బాక్సులో వేసి తిట్లు తిన్నాడు, వచ్చేసింది.

2013లో బ్రిటిష్ న్యూట్రిషన్ ఫౌండేషన్ అనే సంస్థ బ్రిటన్‌లో 27,500 మందికి పైగా బడిపిల్లల్ని తిండి గురించి అడిగింది. చిన్న తరగతుల పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది చీజ్ మొక్కల నుంచి వస్తుందన్నారు. హైస్కూలు పిల్లల్లో పదిమందికొకరు టమోటా భూమి లోపల కాస్తుందన్నారు. ఈ ముక్క మదనపల్లె యార్డులో చెబితే హమాలీల దగ్గర్నుంచి మండీ యజమానుల దాకా పగలబడి నవ్వుతారు. దేశంలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి ఉన్న ఊరు మరి.

నవ్వుకోవడం అయ్యాక ఒక ప్రశ్న మాత్రం మిగులుతుంది. ఆ చేనుగట్టు పిల్లాడికి టమోటా గురించి తెలిసిందంతా అమ్మకానికి సంబంధించింది. తినడానికి సంబంధించి ఎంత తెలుసు? 2023 జూలై ఆఖర్లో మదనపల్లెలో మేలురకం కిలో 200 రూపాయల దగ్గరదాకా పోయింది. అట్లాంటి రోజుల్లో ఇంటి వంటలో రెండు కాయలు ఎక్కువ వేస్తే ఊరుకునేదెవరు? ధర పడిపోయిన ఏడు కోతకూలి కూడా గిట్టక చేలోనే వదిలేస్తారు, రోడ్డు పక్కన పారబోస్తారు. అప్పుడేమో ఆ ఎరుపు కంటబడితేనే ఇంట్లో అందరికీ కడుపు మండుతుంది. రెండు సందర్భాల్లోనూ పిల్లాడు నేర్చుకునేది ఒక్కటే, టమోటా అంటే రేటు. దాన్ని ఏ కాలంలో, దేనితో, ఎట్లా వండుకుని తింటే బాగుంటుందో చెప్పే తీరిక ఎవరికీ లేదు.

మామిడి సంగతీ అంతే. 2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి ధర కుప్పకూలితే, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి ఇవ్వాలని తేల్చారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరడం పిల్లలందరూ చూశారు. ఆ గుజ్జు పోయేది ఎక్కువగా సీసా రసాల్లోకే. అదే సీసా బడి గేటు ముందు అంగట్లో చల్లగా దొరుకుతుంది. తోటలో కాయను అమ్ముకోలేక తల్లిదండ్రులు తల పట్టుకుంటే, దాని రసంలో నీళ్లూ చక్కెరా కలిపినదాన్ని బిడ్డ పదో ఇరవయ్యో పెట్టి కొనుక్కుంటున్నాడు. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడిలోనూ, బడి గేటుకు 50 మీటర్ల లోపలా అమ్మకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. ఏ బడి ముందైనా నిలబడి 50 మీటర్లు నడిచి చూడవచ్చు, ఎన్ని పొట్లాల దండలు వేలాడుతుంటాయో.

పుంగనూరుకు వస్తే ఇంకో తమాషా. ఆ ఊరి పేరు మోసే పొట్టి ఆవు ఎత్తు ఇంచుమించు మూడడుగులే. పాలు మాత్రం చిక్కన, వెన్నశాతం ఎక్కువని పేరు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీలో తన నివాసం దగ్గర ఈ ఆవులకు మేత తినిపిస్తున్న ఫొటోలు దేశమంతా తిరిగాయి. ఆ తర్వాత నగరాల్లో డబ్బున్నవాళ్లు అపార్ట్‌మెంట్ పెరట్లోనూ పెంచుకోవచ్చని ఎగబడ్డారు. పుంగనూరు పల్లెల్లో తెల్లవారితే కనిపించేది వేరే దృశ్యం. సంకరజాతి ఆవు పాలు పితికి, క్యాన్‌లో పోసి కేంద్రానికి తీసుకుపోవడం, వెన్న శాతం చూపించే యంత్రం వంక చూస్తూ నిలబడటం. పడమటి మండలాల్లో పాడే కదా నెలనెలా చేతికి డబ్బిచ్చేది, తప్పు పట్టడానికి లేదు. కానీ గ్లాసుడు పాలు ఇంట్లో బిడ్డకు ఉంచాలన్న ఆలోచన ఆ లెక్కలో ఎక్కడ ఇమిడిందో చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. పాడీ పంటా ఉన్న రాష్ట్రం ఇది.

పిల్లలకు తాజా తిండి గురించి తెలియదని ఎవరైనా అంటే ఈ ప్రాంతం విషయంలో సగమే ఒప్పుకోవాలి. ఎరుక ఉంది, అది ఇంట్లో ఒక మనిషి దగ్గర ఆగిపోయింది. ఆ మనిషి సాధారణంగా అవ్వ.

అనపకాయల కాలం వచ్చినప్పుడు చూడండి. చెనిక్కాయల చేలో సాళ్ల మధ్య వేసిన అనప, మంచు పడే రోజుల్లో కాపుకొస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంతలన్నీ దాని వాసనే. కాయ మీద సన్నని జిడ్డు ఉంటుంది, చేతికి అంటుకుంటే కడుక్కున్నా ఒక పట్టాన పోదు. ఆ జిడ్డూ ఆ వాసనా ఉన్న కాయనే అవ్వ ఏరుతుంది. గింజ బాగా ముదిరితే తొక్క గట్టిపడుతుంది, మరీ లేతదైతే నలిగి చేతిలోనే పిండవుతుంది. ఒలిచిన గింజల్ని నీళ్లలో నానబెట్టి, తొక్క ఉబ్బాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క ఒత్తు ఒత్తితే పప్పు టపీమని గిన్నెలోకి దూకుతుంది, తొక్క వేళ్ల మధ్యే మిగిలిపోతుంది. అదే పితికిపప్పు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని పితకాల్సిందే, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చిన్నపిల్లలు పప్పును గిన్నెలోకి కాకుండా ఒకరి మొహం మీదికొకరు గురిచూసి కొట్టుకుంటారు. తొక్కలు ఎనుముకు. పప్పు పులుసులోకి, పులుసు రాగిసంగటిలోకి.

ఆ గంటసేపట్లో ఎన్ని పాఠాలున్నాయో లెక్కపెట్టడం మొదలుపెడితే అయివార్లే ఆశ్చర్యపోతారు. గింజ ఎందుకు నానుతుంది, తొక్క లోపల ఎన్ని బద్దలుంటాయి, మొలక ఎక్కడ ఉంటుంది, అనప వేసిన చేలో నేలకు బలం ఎట్లా వస్తుంది. సైన్సు పుస్తకంలో ఇవే అంశాలు వేరే గింజ బొమ్మతో ఉంటాయి. బొమ్మ గీసి భాగాలు గుర్తించినందుకు మార్కులు. నిజం గింజ పితికినందుకు సున్నా.

ఆకుకూరలకు అవ్వ చదువు ఇంకా లోతైంది. రెండు వానలు పడ్డాక గెనాల మీద గురుగాకు, దొగ్గలాకు, చెంచలాకు వాటంతట అవే మొలుస్తాయి. ఏది పూత రాకముందే కోయాలి, ఏది పప్పులోకి, ఏది వేరేవాటితో కలిపి ఎనపాలి అన్నది చెప్పగలిగింది ఆమే. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా ఆమెకే తెలుసు, ఏ చేనుగట్టున కోయకూడదో. పక్క చేలో టమోటాకు మందు కొట్టి ఎన్నాళ్లయింది, గడ్డిమందు చల్లిన గెనెం ఏది అని కనుక్కుని గానీ ఆమె ఒడిలోకి ఆకు తెంపదు. తాజా తిండి అంటే పచ్చగా నిగనిగలాడేదని నగరం అనుకుంటుంది. పల్లెలో పెరిగిన బిడ్డ ‘ఈ కాయ మీద మందు కొట్టి ఎన్ని రోజులయింది?’ అని అడగడం నేర్చుకోవాలి. ఈ ప్రశ్న ఏ పాఠ్యపుస్తకంలో ఎంత గట్టిగా ఉందో ఆ పుస్తకాలు రాసేవాళ్లు ఒకసారి చూసుకుంటే బాగుంటుంది.

ఆ ఎరుక అవ్వ దగ్గరే ఎందుకు ఆగింది? కారణాలు చాలానే ఉన్నాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదింటి కంచంలో అన్నం పెరిగింది, సంగటి తగ్గింది. ఆకలి తీర్చిన పథకాన్ని తప్పుపట్టే పని ఈ శీర్షికకు లేదు. అయితే సంగటితో పాటు దానికి జోడుగా ఉండే ఊరిబిండి, పుల్లగూర, ఉలవచారు కూడా పండగ వంటలైపోయాయి. బోరుబావి సేద్యం, ఒకే పంట, గడ్డిమందు, ఇంటి ఆడవాళ్లందరూ పొద్దున్నే కూలికి పోవాల్సి రావడం, పిల్లల్ని ఏడింటికల్లా ఎక్కించుకుపోయే ప్రైవేటు బడి బస్సు, ఇవన్నీ తలా ఒక చెయ్యి వేశాయి. అమ్మ నేర్పాలి కదా అని తేలిగ్గా అనేస్తారు. టమోటా కోతకు పోయి సాయంత్రం చీకటిపడ్డాక ఇల్లు చేరే అమ్మను పిల్లలకు ఆకుల పేర్లు చెప్పమనడం అన్యాయం.

కనుక బడే నేర్పాలి. బడిలో ఎవరు?

కొన్ని దేశాలు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కున్నాయి. జపాన్ 2005లో ఆహార విద్యకు ప్రత్యేకంగా చట్టమే చేసింది. అదే ఏడు బడుల్లో పోషకాహార ఉపాధ్యాయుల వ్యవస్థ మొదలైంది. వాళ్లు మధ్యాహ్నం వంటకాల జాబితా వేస్తారు, తరగతిలో పాఠమూ చెబుతారు. వడ్డించడం, ఎత్తడం పిల్లల వంతు. అమెరికాలో బర్క్‌లీ ఊళ్లో ఆలిస్ వాటర్స్ అనే హోటలు యజమానురాలు 1995లో ఒక మిడిల్ స్కూలు ఆవరణలో ఎకరం తోట వేయించి, పక్కనే వంటగది పెట్టించి, ఆ రెండింటినీ తరగతి గదులుగా మార్చింది.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడ్డ రిషివ్యాలీ బడి ఆ పక్కనే ఉంది. దాని గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల్లో ఏకోపాధ్యాయులు పలు తరగతుల్ని ఒకే గదిలో కార్డులతో నడిపే పద్ధతిని తయారుచేసింది. ఆ కార్డుల పద్ధతే తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడులకూ దారి చూపింది. వాళ్లు నడిపే మెట్రిక్ మేళాలో పిల్లలే అంగళ్లు పెడతారు. తూకాలు, కొలతలు, చిల్లర లెక్కలన్నీ పల్లెజనం ముందే. తల్లిదండ్రులు బేరమాడతారు. లెక్కల పాఠం సంతలోకి పోవచ్చని నిరూపించారంటే, తిండి పాఠం వంటపాకలోకి పోవడానికి అడ్డమేముంది?

కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ వాళ్ల 172 ఎకరాల ఆవరణ ఉంది. 1999లో మొదలైన సంస్థ. రాళ్లూ రప్పలూ ఉన్న గుట్ట మీద చెట్లు లేపి, ప్రయోగశాలలు కట్టి, వ్యాన్లలో సైన్సు పరికరాలు వేసుకుని పల్లెబడులకు తిరుగుతారు. అక్కడ మెచ్చుకోవాల్సింది ఒకటుంది. పిల్లల చేత పిల్లలకు పాఠం చెప్పిస్తారు. తెలిసినవాడు చెప్పాలి, వాడి వయసూ డిగ్రీ తర్వాత చూసుకోవచ్చు అన్న ధైర్యం అది. ఆ ధైర్యాన్ని ఇంకో అడుగు ముందుకు వేయిస్తే బడి వెనకాల పొగలో ఉన్న మనిషి కనిపిస్తుంది.

వంటామె. ప్రభుత్వ కాగితాల్లో ఆమె పేరు ‘వంట ఏజెన్సీ’. బడుల్లో వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ మధ్యాహ్న భోజన పథకం 2003 జనవరిలో మొదలైంది. 2020లో జగనన్న గోరుముద్ద అన్నారు, 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోడ మీద పేరు మారుతూ వచ్చింది, పొయ్యి దగ్గర మాత్రం ఆమే ఉంది. పొద్దున్నే కూరగాయలు ఏరుకొచ్చేది ఆమె, వాటిలో పుచ్చులు తీసేసేది ఆమె. ఇచ్చే డబ్బులకు ఈ వారం ఏ కాయ గిట్టుబాటవుతుందో సంతలో తేల్చుకునేదీ ఆమె. 2023లో బడిలో రాగిజావ మొదలుపెట్టినప్పుడు ఉండకట్టకుండా జావ కాయడం ఈ ప్రాంతం వంటామెలకు ఎవరూ నేర్పాల్సిన అవసరం రాలేదు. ఏ పిల్లాడు బెండకాయ ముక్కలు ఏరి పక్కన పెడతాడో, ఏ పిల్ల గుడ్డులో పచ్చసొన వదిలేస్తుందో హెడ్మాస్టరుకు తెలియదు, ఆమెకు తెలుసు. 2019లో ఆమె గౌరవవేతనం నెలకు వెయ్యి నుంచి 3,000 అయింది.

వారానికి ఒక పీరియడ్ ఆమెకివ్వండి. ఈ శీర్షిక అడిగేది అంతే. అయివారు పక్కన ఉంటాడు, రాయాల్సింది రాయిస్తాడు, సైన్సు ముక్క అందిస్తాడు. కాయ చేత్తో పట్టుకుని చూపించేది, వాసన చూపించేది, ఇది కుళ్లింది ఇది పండింది అని తేడా చెప్పించేది ఆమె. నెలకొకసారి ఊళ్లోంచి ఒక అవ్వనో, రైతునో, మార్కెట్లో మండీ నడిపే మనిషినో పిలవండి. ‘రేయ్, ఈ ఆకు పేరేందిరా?’ అని వంటామె అడిగితే, తెలిసినా తెలియకపోయినా నోరు తెరవని పిల్లాడు ఉండడు. బడిలో అంతకంటే బెదురులేని ప్రశ్న ఇంకొకటి లేదు.

పెరటి తోటలు పెట్టాలి కదా అని వెంటనే అంటారు. బడుల్లో పోషకాహార తోటలు వేయాలని కేంద్రం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. చెప్పడం తేలిక. ఈ ప్రాంతంలో చాలా బడులకు ప్రహరీ ఉంటే నీళ్లుండవు, నీళ్లుంటే స్థలముండదు. పైగా ఏప్రిల్ ఆఖరుకు బడి మూస్తే జూన్ దాకా మొక్కలకు నీళ్లు పోసేవాళ్లుండరు. మదనపల్లె టమోటాకు సరిగ్గా ఆ వేసవే అసలు కాలం. బడి క్యాలెండరుకూ చేను క్యాలెండరుకూ పొత్తు కుదరని చోట తోట ఫొటోకే పనికొస్తుంది. నాలుగు కరివేపాకు, మునగ మొక్కలు నాటి, మిగతా పాఠం పక్క చేలో చెప్పడం మేలు.

దీనికి అసలు అభ్యంతరం వేరే ఉంది, దాన్ని దాటవేయకూడదు. ‘మేం మట్టిలో పడి చచ్చేది చాలదా, బడికి పంపినా మా బిడ్డకు మళ్లీ కాయలూ ఆకులేనా?’ అని ఒక కూలీ తల్లి అడిగితే ఏం చెబుతారు? ఆ అనుమానానికి చరిత్ర ఉంది. గాంధీ 1937లో వార్ధాలో చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నప్పుడే సందేహాలు వచ్చాయి. 1953లో మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ, పిల్లలకు సగం పూట బడి, మిగతా సగం పూట ఇంట్లో తల్లిదండ్రుల వృత్తి అన్న పథకం తెచ్చారు. అప్పటికి చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ అక్టోబరులో. అది కులవృత్తి చదువని పెరియార్ విరుచుకుపడ్డారు. 1954లో రాజాజీ దిగిపోయాక కామరాజ్ ఆ పథకాన్ని తీసేశారు. చాకలి కొడుకు చాకలిగానే మిగలాలా అన్న ఆ కోపం న్యాయమైనదే.

అందుకే ఈ పీరియడ్ ప్రభుత్వ బడికి ఎంత అవసరమో, మదనపల్లె పట్టణంలో ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి అంతకంటే ఎక్కువ అవసరం. చేనుగట్టు పిల్లాడికి కనీసం కాయ తెలుసు. పొద్దున బస్సెక్కి, రాత్రి స్టడీ అవర్ ముగించి, హాస్టల్ మెస్‌లో గరిటెతో వేసింది తిని పడుకునే పిల్లాడే బ్రిటన్ సర్వే పిల్లాడికి దగ్గరి చుట్టం. ఆఫీసరు కొడుకూ కూలీ కూతురూ ఒకే గిన్నె చుట్టూ కూర్చుని పప్పు పితికితే అది కులవృత్తి చదువు కాదు. మగపిల్లలు తప్పనిసరిగా కూర్చోవాలి. లేకపోతే వంట పాఠం పేరుతో ఆడపిల్లలకు ఇంకో చాకిరీ అంటగట్టినట్టవుతుంది. పిల్లల చేత బడి కూరగాయలు తరిగించడం, అంట్లు తోమించడం ఈ పాఠంలోకి రాకూడదు, వచ్చిన రోజున ఆ తల్లి కోపమే గెలవాలి.

వంటామెను పాఠం చెప్పే మనిషిగా నిలబెట్టడంలో ఇంకో సంగతి కూడా ఉంది. వంటవాళ్లను నియమించేటప్పుడు దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. దళిత వంటామె చేతి వంట తినడానికి మొరాయించిన ఊళ్ల వార్తలు దేశంలో చాలాచోట్ల నుంచి వచ్చాయి. అదే మనిషి నల్లబల్ల పక్కన నిలబడితే పిల్లలు ఆమెను ‘టీచరక్కా’ అని పిలవడం నేర్చుకుంటారు, పెద్దవాళ్లకు కొంచెం ఇబ్బందిగా ఉన్నా సరే.

ఇక మిగిలింది డబ్బు. పీరియడ్ ఇస్తామంటే కాదనే ప్రభుత్వం ఉండదు, పైసా ఖర్చు లేదనుకుంటే వెంటనే జీవో వస్తుంది. వంటకు ఇచ్చే 3,000లోనే ఈ పాఠం కూడా సర్దుకోమంటే మాత్రం ఆమె గరిటె పట్టుకునే పోవడం మేలు. తరగతికి ఇంత అని విడిగా లెక్కకట్టి, అయివారి జీతం పడే రోజునే ఆమె ఖాతాలోనూ వేయాలి.